పాలిపోయిన తోటకూర

పోయిన శ్రావణమాసంలో మా చదువుల కేంద్రం వెనుక రెండు కూరమళ్ళు వేశాం. ఒక్కొక్కటి 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. టేపు పట్టి కొలిచిందీ, పలక మీద రాసిందీ అక్కలే. రెండు మళ్ళలోనూ తోటకూర విత్తనమే. విత్తనం మరీ సన్నం. అందుకని ఇసుకలో కలిపి చల్లాం. ఒకే రోజు చల్లాం. ఒకే బోరు నీళ్ళు పెట్టాం. యూరియా వెయ్యకూడదు, పురుగుమందు కొట్టకూడదు అని ముందే అనుకున్నాం.

అలా అనుకోవడానికి కారణం ఉంది. మా కేంద్రానికి వచ్చే పెద్దమ్మ కోడలికి అప్పుడు ఐదో నెల. ఏఎన్ఎమ్ అమ్మ రక్తం పరీక్ష చేసి, 8 గ్రాములే ఉందని చెప్పింది. కడుపుతో ఉన్న మనిషికి 11 గ్రాములైనా ఉండాలి. ఆ పిల్ల గోళ్ళు, నాలుక, కనురెప్పల లోపల అంతా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఇచ్చిన మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని మానేసింది.

"మాత్రలెందుకమ్మా? మందు కొట్టని ఆకుకూర రోజూ వండి పెడతాను. రక్తం అదే పడుతుంది" అన్నది పెద్దమ్మ.

మళ్ళు వేసి మూడు వారాలయింది. ఒక మడిలో తోటకూర జానెడు దాటి ఎదిగింది. ఆకులు వెడల్పుగా, పచ్చగా ఉన్నాయి. రెండో మడిలో నాలుగు వేళ్ళ ఎత్తు కూడా రాలేదు. కింది ఆకులు పసుపు రంగుకు తిరిగాయి.

పెద్దమ్మ ఆ మడి ముందు చాలాసేపు కూర్చుంది. "ఇది కూడా నా కోడలిలాగే పాలిపోయింది" అన్నది.

రెండు మళ్ళకీ ఏమిటి తేడా? ఎరువు ఒక్కటే తేడా. మొదటి మడికి పాత పెంటపోగు అడుగు నుంచి తీసిన ఎరువు రెండు గంపలు వేశాం. నల్లగా, పొడిపొడిగా ఉంది. ఆ పోగు ఒక మడికే సరిపోయింది. రెండో మడికి పక్కింటి కొష్టం నుంచి పేడ, వరిగడ్డి కలిసిన చెత్త తెచ్చి వేశాం. అది వారం నాటిది. అదీ ఎరువే, ఇదీ ఎరువే అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. శిక్షణలో మొక్కల పాఠం చదివి పరీక్ష రాసినదాన్నే. అయినా ఆ రోజు తోచలేదు.

మొక్క దేన్ని తింటుంది?

ఆ రాత్రి కేంద్రంలో ఇదే మాట. "మొక్క మట్టిని తింటుంది గదా" అన్నది ఒక అక్క.

దానికి ఒక పాత కథ చెప్పాను. ఇప్పటి బెల్జియం దేశంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన ఉండేవాడు. ఆయన ఒక పెద్ద తొట్టిలో సుమారు 90 కిలోల ఎండుమట్టి తూచి పోశాడు. అందులో 2 కిలోల చిల్లర బరువున్న విల్లో చెట్టు నాటాడు. ఐదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. ఐదేళ్ళ తరవాత చెట్టును తీసి తూచాడు. సుమారు 77 కిలోలు! మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూచాడు. తగ్గింది 60 గ్రాముల లోపే. ఈ సంగతి ఆయన చనిపోయాక, 1648లో అచ్చయిన పుస్తకంలో ఉంది.

"మరి ఆ బరువంతా ఎక్కడిది?" అని అందరూ ఒకేసారి అడిగారు.

నీళ్ళది అనుకున్నాడు ఆయన. అది సగమే నిజం. మొక్క గాలిని కూడా తీసుకుంటుంది. ఆకులు ఎండ సాయంతో గాలినీ నీళ్ళనూ కలిపి తమ తిండి తామే వండుకుంటాయి. మొక్క ఒంట్లో ఎక్కువ భాగం ఈ రెండే. 5 కిలోల తోటకూర కోస్తే అందులో 4 కిలోల పైన నీళ్ళే ఉంటాయి.

మట్టి నుంచి మొక్క తీసుకునేది కొంచెమే. అయితే ఆ కొంచెం లేకపోతే మొక్క లేదు. కుండెడు పప్పుకు పిడికెడు ఉప్పు లాంటిది అది. అందులో ముఖ్యమైనవి మూడు. నత్రజని, భాస్వరం, పొటాష్. ఎరువుల బస్తాల మీద ఈ పేర్లు మీరు చదివే ఉంటారు. ఇవిగాక ఇనుము, జింకు లాంటివి చిటికెడు చిటికెడు కావాలి. ఆకు పెరగడానికి అన్నిటికన్నా ఎక్కువ కావలసింది నత్రజని. మనం ఆకుకూరలో తినేది ఆకునే. కాబట్టి కూరమడికి నత్రజని బాగా కావాలి.

అయితే మొక్కకు నోరు లేదు. నమలలేదు. దాని పిల్లవేర్లకు వెంట్రుకల కన్నా సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు నీళ్ళను పీలుస్తుంది. నీళ్ళలో కరిగినదే మొక్కకు అందుతుంది. కరగనిది వేరు పక్కనే ఉన్నా అందదు.

ఎసట్లో పడని బియ్యం

పేడలో నత్రజని ఉంది. కానీ అది వేరు తాగే రూపంలో లేదు. బియ్యం ఇంట్లో ఉంటే కడుపు నిండుతుందా? ఎసట్లో పడాలి, ఉడకాలి. పేడను ఉడికించేవి మట్టిలో ఉండే సూక్ష్మజీవులు. అవి కంటికి కనబడవు. చిటికెడు మంచి మట్టిలో కోట్ల కొద్దీ ఉంటాయి. అవి పేడనూ గడ్డినీ కొరికి, కుళ్ళబెట్టి, చివరికి నత్రజనిని నైట్రేటు అనే ఉప్పుగా మారుస్తాయి. అది నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. అప్పుడు వేరు తాగుతుంది.

పాత పెంటపోగులో ఈ పని చాలావరకు అయిపోయింది. రెండో మడిలో అప్పుడే మొదలైంది. పైగా అందులో వరిగడ్డి ఎక్కువ. ఇక్కడే ఉంది అసలు చిక్కు. పెళ్ళి వంటకు వచ్చినవాళ్ళు ఆకలి మీద ఉంటే ఏం చేస్తారు? ముందు వాళ్ళు తింటారు. ఆ తరవాతే వడ్డన. గడ్డిలో సూక్ష్మజీవులకు పిండి పదార్థం బోలెడు దొరుకుతుంది. నత్రజని మాత్రం చాలదు. అవి వేలు లక్షలుగా పెరుగుతాయి. వాటి ఒళ్ళు పెరగడానికీ నత్రజని కావాలి. అందుకని మట్టిలో ఉన్న కాస్త నత్రజనినీ లాగేసుకుంటాయి. మొక్కకు ఏమీ మిగలదు. ఎరువు వేశాక మడి పాలిపోయింది అందుకే. అసలు ఏమీ వెయ్యకుండా ఉన్నా ఇంతకన్నా నయంగా ఉండేదేమో!

పచ్చి పేడతో ఇంకో కీడు కూడా ఉంది. కుళ్ళేటప్పుడు వేడి పుడుతుంది. ఘాటైన వాయువు వస్తుంది. లేత మొలకలు మాడతాయి. పేడలోని రోగక్రిములు ఆకు మీదికి చిందుతాయి. ఆకుకూర నేలకు దగ్గరగా పెరుగుతుంది కదా.

కింది ఆకులే ముందు ఎందుకు పసుపు బారాయి? నత్రజని చాలనప్పుడు మొక్క ముదురాకుల్లోది తీసి చివుళ్ళకు పంపుతుంది. ఇంట్లో తిండి చాలనప్పుడు తల్లి తన కంచంలోది పిల్లలకు పెట్టినట్టు. ఇనుము చాలకపోతే దీనికి తిరగబడి ఉంటుంది. ఇనుము ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు కదలదు. అందుకని చివుళ్ళు పసుపు బారతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి, ముదురాకులు బాగానే ఉంటాయి. ఆకు అంచులు మాడినట్టుంటే పొటాష్ తక్కువై ఉండవచ్చు. ఈసారి మీ మడి దగ్గరికి వెళ్ళినప్పుడు ముందు కింది ఆకు చూడండి, తరవాత చివురు చూడండి.

మూలన పచ్చగా తేరుకుంది

నాలుగో వారంలో ఒక వింత జరిగింది. పాలిపోయిన మడిలో ఒక మూలన, చాపంత మేర, మొక్కలు పచ్చగా తేరుకున్నాయి. మిగతా మడి అలాగే ఉంది. ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక వదిన తల దించుకుని చెప్పింది.

"నేనే పంతులమ్మా. మా పక్కింటి మామయ్య ఎగతాళి చేశాడు. మీ సేంద్రియం పాడుగాను, ఇంత యూరియా చల్లండి అన్నాడు. వరికి తెచ్చిన బస్తాలోంచి ఒక చెంచా తీసి, బకెట్టు నీళ్ళలో కలిపి పోశాను. చూడలేకపోయాను మడిని."

కొందరు వదిన మీద కోప్పడ్డారు. నాకు మాత్రం కోపం రాలేదు. ఆ మూల మనకు ఒక రుజువు చూపించింది. మడికి వచ్చింది తెగులు కాదు. నత్రజని ఆకలే.

ఇంకో మాట కూడా నిజం చెప్పాలి. వేరు యూరియా నత్రజనినీ పేడ నత్రజనినీ వేరుగా గుర్తుపట్టదు. రెండూ నైట్రేటుగా మారి దానికి ఒకే తీరుగా అందుతాయి. తేడా ఎక్కడ ఉంది? వేగంలో ఉంది, వెంట వచ్చే వాటిలో ఉంది. యూరియా నాలుగు రోజుల్లో కరిగి అందుతుంది. అందగా మిగిలింది వాననీళ్ళతో కిందికి జారిపోతుంది, గాలిలో కలిసిపోతుంది. అందులో నత్రజని తప్ప ఇంకేమీ లేదు. దిబ్బ ఎరువు నెమ్మదిగా ఇస్తుంది. భాస్వరం, పొటాష్, జింకు కూడా తెస్తుంది. మట్టిని గుల్లగా ఉంచుతుంది. నీళ్ళు పట్టి ఉంచుతుంది. గుల్ల మట్టిలో పిల్లవేర్లు దూరం పోతాయి. దూరం పోయిన వేరు ఎక్కువ తాగుతుంది.

తరవాతి వారం ఆ మూలన ఆకుల కింద పేనుబంక పట్టింది. నత్రజని ఒక్కసారిగా ఎక్కువైతే ఆకు మెత్తగా, రసంగా అవుతుంది. రసం పీల్చే పురుగుకు అదే ఇష్టం. వదినే వేపగింజల కషాయం చేసి తెచ్చి చల్లింది.

ఎంత వెయ్యాలి?

లెక్క చేద్దాం. పెన్సిలు తీయండి.

100 కిలోల దిబ్బ ఎరువులో సుమారు అర కిలో నత్రజని ఉంటుంది. మన రెండు గంపలు 20 కిలోలు. అంటే 100 గ్రాముల నత్రజని. మొదటి పంటకు అందులో మూడో వంతే అందుతుంది. అంటే 33 గ్రాములు. మిగతాది తరవాతి పంటలకు.

ఇక తోటకూర లెక్క. 100 గ్రాముల ఆకులో సుమారు 3 గ్రాముల మాంసకృత్తులు. వాటిలో నత్రజని అర గ్రాము. మొదటి మడిలో 28వ రోజు కోశాం. 4 కిలోల 800 గ్రాములు వచ్చింది. 5 కిలోలనే అనుకుందాం. అందులోకి వెళ్ళిన నత్రజని 25 గ్రాములు. వేర్లలోకి కొంత పోయింది. 33 గ్రాములకు ఇంకేం మిగిలింది? అందుకే రెండో కోతకు ఆకు చిన్నదవుతుంది. మనం విత్తనం మంచిది కాదు అంటాం. పాపం విత్తనం ఏం చేస్తుంది!

కోసిన వెంటనే ఇంకో గంప మాగిన ఎరువు జల్లించి మొక్కల మధ్య వెయ్యాలి. పైపైన గొప్పు తవ్వి నీళ్ళు పెట్టాలి. వానపాముల ఎరువు అయితే తక్కువ చాలు. అందులో నత్రజని దిబ్బ ఎరువు కన్నా ఎక్కువ. వేరుశనగ చెక్కలో కిలోకు సుమారు 70 గ్రాములు ఉంటుంది. కానీ దాని ధర చూస్తే మళ్ళీ దిబ్బ దగ్గరికే రావాలి.

జీవామృతం సంగతి అడిగారు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం కార్యక్రమం నడుస్తోంది. పొదుపు సంఘాల అక్కలు చాలామంది జీవామృతం చేస్తున్నారు. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల ఆవుపేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, పిడికెడు మట్టి వేసి రెండు రోజులు మురగబెడతారు. అది సూక్ష్మజీవులను పెంచే తోడు. పాలకు తోడు వేసినట్టే. కానీ పాలే లేకపోతే తోడు దేనికి? మట్టిలో దిబ్బ ఎరువు, ఆకు, చెత్త ఉండాలి. నా మట్టుకు నేను జీవామృతం ఒక్కదాన్నే నమ్మి కూరమడి వెయ్యను.

ఎరువు మాగిందో లేదో ఎలా తెలుస్తుంది? పోగులో కర్ర గుచ్చి కాసేపాగి తీయండి. కర్ర వేడిగా ఉంటే ఇంకా మాగలేదు. గుప్పెడు తీసి వాసన చూడండి. పేడ వాసన రాకూడదు. తొలకరి మట్టి వాసన రావాలి. గడ్డిపరక గుర్తుపట్టేలా ఉండకూడదు. నీడన గుంట తీసి, తడి ఆరకుండా చూసి, నెలకోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో మాగుతుంది. ఎండలో, వానలో వదిలేసిన పోగులో నత్రజని సగం మనకు దక్కదు. పశువుల మూత్రం కూడా వదలకండి. పేడలో కన్నా మూత్రంలోనే నత్రజని ఎక్కువ. కొష్టంలో ఎండుమట్టి, చెత్త పరిచి, అది తడిసాక పోగులో వేయండి.

ఆకులో ఉన్న ఇనుము ఎంత?

ఇక పెద్దమ్మ మాటకు వద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఆహార పట్టికలు అచ్చువేసింది. వాటి ప్రకారం 100 గ్రాముల తోటకూరలో సుమారు 4.6 మిల్లీగ్రాముల ఇనుము ఉంది. పాలకూరలో సుమారు 3. ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని అదే సంస్థ చెబుతుంది. గర్భిణికి ఇచ్చే ఒక్క మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. అంత ఇనుము తోటకూర నుంచే రావాలంటే రోజుకు 1 కిలో 300 గ్రాములు తినాలి. తిన్నా ఆకులోని ఇనుములో కొద్ది భాగమే ఒంటికి పడుతుంది.

సేంద్రియ ఎరువుతో పెంచితే ఇనుము పెరుగుతుందా? అలా గట్టిగా చెప్పలేం. ఎక్కడో కొంచెం ఎక్కువ, ఎక్కడో కొంచెం తక్కువ. మట్టిని బట్టి, రకాన్ని బట్టి మారుతుంది. పురుగుమందు లేకపోవడం మాత్రం నిజమైన లాభం. ఎరువు మితిమీరితే ఆకులో నైట్రేటు మిగిలిపోతుంది. యూరియా అయినా అంతే, పేడ అయినా అంతే. చంటిపిల్లలకు అది మంచిది కాదు. ఎండ తగిలిన ఆకు నైట్రేటును వాడుకుంటుంది. అందుకని సాయంత్రం కోసిన ఆకులో అది తక్కువ.

ఇదంతా విని పెద్దమ్మ మొహం చిన్నబోయింది. "అయితే నా మడి దండగేనా అమ్మాయ్?"

దండగ కాదు పెద్దమ్మా. మాత్ర ఇనుము ఇస్తుంది. ఆకులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం, విటమిన్ ఎ, సున్నం, పీచు ఉన్నాయి. రెండూ కావాలి. మాత్ర మానకూడదు. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. అయినా తగ్గకపోతే ఏఎన్ఎమ్ అమ్మతో చెప్పాలి, దాచకూడదు. కూరలో నిమ్మకాయ పిండితే, ఉసిరిపచ్చడి కలుపుకుంటే ఇనుము బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే పడదు. గంట ఆగాలి. ఆకును తరగక ముందే మూడుసార్లు కడగాలి.

ఇది ఒక్క కోడలి సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 100కు 59 మంది, తెలంగాణలో 58 మంది. మన కేంద్రానికి వచ్చేది 20 మంది. ఆ రాత్రి అందరం ఒకరి కనురెప్పలు ఒకరం లాగి చూసుకున్నాం. నావి కూడా అంత ఎర్రగా లేవు.

మళ్ళీ మడి దగ్గరికి

పాలిపోయిన మడిని పీకేద్దామన్నారు కొందరు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఇంకొన్నాళ్ళు చూద్దాం. వంటవాళ్ళ కడుపులు నిండనీ" అన్నది. అప్పటికి కోసింది 900 గ్రాములే.

ఏడో వారం దాటాక మడి రంగు మారింది. గడ్డి కుళ్ళిపోయింది. తిండి అయిపోయిన సూక్ష్మజీవులు చచ్చాయి. అవి దాచుకున్న నత్రజని మట్టిలోకి వచ్చింది. చివుళ్ళు దట్టంగా వేశాయి. రెండో కోత రోజున రెండు మళ్ళనూ విడివిడిగా తూచాం. మొదటి మడికి మేము పైఎరువు వేయడం ఆలస్యం చేశాం. కాటా దగ్గర నిలబడి పెద్దమ్మే తన చేత్తో గోడ మీద సుద్దముక్కతో రాసింది. కోడలు పక్కనే కూర్చుని కట్టలు కట్టింది. ఆ పిల్ల మళ్ళీ మాత్రలు వేసుకుంటోంది. రక్తం పరీక్ష రెండు రోజుల కిందటే చేశారు. 9 గ్రాముల 2 పాయింట్లు ఉంది. ఇంకా పెరగాలి.

గోడ మీద లెక్క ఇప్పటికీ ఉంది.

మొదటి మడి: 2 కిలోల 600 గ్రాములు.
రెండో మడి: 3 కిలోల 700 గ్రాములు.

చేసి చూడండి

రెండు కోతలూ కలిపి ఏ మడిలో ఎంత వచ్చింది? కూడి రాయండి.

మీ మడికి మూడు గంపల దిబ్బ ఎరువు వేశారు. గంప 10 కిలోలు. మొదటి పంటకు అందే నత్రజని ఎన్ని గ్రాములు?

మీ పెంటపోగులో కర్ర గుచ్చి చూసిన తేదీ, కర్ర వేడిగా ఉందా చల్లగా ఉందా అన్నది మీ నోటుపుస్తకంలో రాసుకోండి.